ఒకే బిళ్ళ నూరు ప్రతులెందుకు?

తపాలా బిళ్ళలు సేకరించేవారిలో ఒక అలవాటు బలంగా నాటుకొని ఉంది. కేటలాగులో ఉన్న ఒక్కొక్క సంఖ్యకు ఒక్కొక్క బిళ్ళ చొప్పున ఆల్బములో చేరుస్తారు. చేరిన దానికి పట్టికలో గుర్తు పెడతారు. అదే బిళ్ళ రెండోసారి చేతికి వస్తే దానికి ‘డూప్లికేటు’ అని పేరు. అది మారకానికో, పిల్లలకు పంచిపెట్టడానికో తప్ప మరెందుకూ కొరగానిదని అందరి నమ్మకం. మన హైదరాబాదు రాజ్యపు బిళ్ళల విషయంలో ఈ నమ్మకం తీరని నష్టం చేస్తోందని నా అభిప్రాయం. సంఖ్య ఒకటే అయినంత మాత్రాన రెండు బిళ్ళలు ఒకటి కావు. వాటి మధ్య తేడా చాలాసార్లు బొమ్మలో కాక కాగితంలో ఉంటుంది. ఆ తేడాను ఒంటరి బిళ్ళ చెప్పలేదు, గుంపు చెబుతుంది.

ఈ మాట ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. తార్నాకలో మా ఇంటికి రెండు వీధుల అవతల, ఉస్మానియాలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఉండేవారు. నిరుడు కాలం చేశారు. పిల్లలిద్దరూ విదేశాల్లో స్థిరపడ్డారు. ఇల్లు ఖాళీ చేసే సందర్భంలో ఆయన ఆల్బములను ఒకసారి చూసి పెట్టమని నన్ను పిలిచారు. అంతకు ముందే ఒక వ్యాపారి వచ్చి నలభై బిళ్ళలు ఏరి, వాటికి ధర చెప్పి, మిగతా వాటికి విలువ లేదని వెళ్ళాడట. ఆ ‘మిగతా’లో ఒక బిస్కట్ల డబ్బా ఉంది. దాని నిండా పాత దినపత్రికల ముక్కలతో కట్టిన పొట్లాలు. ప్రతి పొట్లంలోనూ నిజాం కాలపు అర్ధణా బిళ్ళలే. అంతా కలిసి ఆరు వందలకు తక్కువ ఉండవు. పొట్లాల మీద ఆయన చేతివ్రాతలో ఊళ్ళ పేర్లు: వరంగల్, నాందేడ్, రాయచూరు, గుల్బర్గా, ఔరంగాబాదు.

“ఇవన్నీ ఒకటే కదండీ, నాన్నగారు ఇన్ని ఎందుకు దాచారో మాకు అర్థం కాలేదు” అన్నారు ఆయన కుమార్తె. ఆమెకు ఆ పూట చెప్పిన జవాబునే కొంచెం విపులంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాగితం సంగతి. తార్నాక అనే పేరుకు మా పేటలో పెద్దలు చెప్పే వ్యుత్పత్తి ఒకటుంది. తార్ అంటే తీగె, నాకా అంటే కాపలా చౌకీ. ఒకనాడు ఇక్కడ ఉన్న తోటల చుట్టూ వేసిన తీగెల కంచె వల్ల ఆ పేరు వచ్చిందంటారు. కాగితం జాతకాన్ని నిర్ణయించేది కూడా తీగెే. గుడ్డపీలికలనో, నారనో నీటిలో నాననిచ్చి గుజ్జు చేసి, దాన్ని తీగెల జల్లెడతో పైకి తీస్తే, నీరు కిందికి జారి నార పొరగా నిలుస్తుంది. ఆ పొర ఆరితే కాగితం. జల్లెడలో తీగెలు ఏ తీరున ఉన్నాయో ఆ పోలిక కాగితంలో శాశ్వతంగా నిలిచిపోతుంది. తీగెలను పక్కపక్కనే వరుసగా పరచి ఉంటే, వెలుతురుకు పట్టి చూసినప్పుడు సమాంతరంగా సన్నని గీతలు కనిపిస్తాయి. దీన్ని లెయిడ్ కాగితం అంటారు. తీగెను బట్టలాగా నేసి ఉంటే గీతలు కనబడవు, పొర అంతా ఒకే తీరుగా ఉంటుంది. అది వోవ్ కాగితం. తెలుగులో మొదటిదాన్ని గీతకాగితమనీ, రెండవదాన్ని నేతకాగితమనీ అనుకుంటే అర్థం వెంటనే తెలుస్తుంది. ఇకపై ఆ మాటలే వాడతాను.

గీతకాగితం ప్రాచీనమైనది. నేతకాగితం 18వ శతాబ్దంలో ఇంగ్లండులో వచ్చింది. 1757లో జాన్ బాస్కర్‌విల్ అచ్చువేసిన వర్జిల్ కావ్యంలో కొంత భాగం జేమ్స్ వాట్‌మన్ తయారుచేసిన నేతకాగితం మీద ఉంది. 1799లో ఫ్రాన్సులో నికొలాస్ లూయీ రాబర్ కాగితపు యంత్రానికి పేటెంటు పొందిన తరువాత జల్లెడ పని యంత్రానికి మారింది. యంత్రపు కాగితం సహజంగా నేతకాగితమే. దానిలో గీతలు కావాలంటే తడి ఆరకముందే డాండీ రోలు అనే తీగెల డోలును దాని మీద దొర్లించాలి. నీటిగుర్తు పడేది కూడా అలాగే. గుర్తు ఉన్న చోట నార పలచబడుతుంది, వెలుతురు ఎక్కువగా చొరబడుతుంది. 1840లో వచ్చిన ప్రపంచపు తొలి తపాలా బిళ్ళ పెన్నీ బ్లాకులోనే చిన్న కిరీటం నీటిగుర్తుగా ఉంది. దొంగ బిళ్ళలను అడ్డుకోవడం దాని ప్రయోజనం. బ్రిటిషు ఇండియా బిళ్ళల్లో 1865లో ఏనుగు తల, తరువాత నక్షత్రం, 1926 నుంచి నాసిక్ ముద్రణాలయపు కాగితంలో వరుస నక్షత్రాలు వచ్చాయి.

ఇవి కాక ఇంకా ఎన్నో రకాలున్నాయి. 1855 నాటి ఇండియా నాలుగణాల నల్లబిళ్ళ నీలివన్నె తిరిగిన నున్నని కాగితం మీద ఉంటుంది. 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో సుద్దపూత కాగితం వాడకం పెరిగింది. తపాలా ముద్రను కడిగి బిళ్ళను మళ్ళీ వాడాలని చూస్తే, ఆ పూతతో పాటు బొమ్మ కూడా ఊడిపోతుంది. అలాంటి కాగితం మీద వెండి తీగెతో మెల్లగా గీస్తే నల్లని గీత పడుతుంది. చిన్నదైనా బిళ్ళను గాయపరిచే పరీక్ష కనుక దాన్ని నేను సమర్థించను. ఇటీవలి కాగితాలలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు అతినీలలోహిత దీపం కింద మెరుస్తాయి. పాత కాగితం అలా మెరవదు. పాత బిళ్ళ పేరుతో వచ్చే కొత్త నకిలీలు ఇక్కడే పట్టుబడుతుంటాయి.

ఇక మన బిళ్ళల సంగతి. హైదరాబాదు రాజ్యం 1869లో, మొదటి సాలార్‌జంగు దివానుగా ఉన్న రోజుల్లో తన తొలి బిళ్ళను వెలువరించింది. అది ఒక అణా విలువ గలది, ఆలివ్ ఆకుపచ్చ రంగుది. 1871లో మొదలైన తరువాతి శ్రేణి దాదాపు నలభై ఏళ్ళ పాటు సాగింది. ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగు అక్షరాలు కూడా ఉన్న బిళ్ళలవి. నలభై ఏళ్ళంటే ఒక తరం పుట్టి, పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లలను కనేంత కాలం. అన్నేళ్ళూ ఒకే నమూనాను అచ్చువేస్తూ పోతే కాగితం మారుతుంది, సిరా చాయ మారుతుంది, అంచు చిల్లుల కొలత మారుతుంది. కేటలాగులు ఈ శ్రేణిని ప్రధానంగా చిల్లుల కొలతలను బట్టి, రంగు చాయలను బట్టి విడదీశాయి. 20వ శతాబ్ది తొలి దశకంలో నీటిగుర్తు కాగితం వచ్చింది. గుర్తు ఉర్దూ అక్షరాలది.

1931లో వచ్చిన శ్రేణిని చాలామంది చూసే ఉంటారు. అణా బిళ్ళ మీద చార్మినారు, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్ సాగరు, ఎనిమిదణాల మీద అజంతా గుహల ద్వారం, రూపాయి మీద దౌలతాబాదు విజయస్తంభం. 1937లో ఏడవ నిజాం రజతోత్సవానికి నాలుగు బిళ్ళలు వచ్చాయి. వాటిలో అణా బిళ్ళ ఉస్మానియా విశ్వవిద్యాలయానిది. ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమైంది 1939లో. అంటే మనం ఆ మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికే కాదు, దాని ద్వారాలు తెరుచుకోవడానికి కూడా ముందే విశ్వవిద్యాలయం ఉత్తరాల మీద ఊరేగింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక విజయోత్సవం పేరుతో ఒక నీలిరంగు అణా బిళ్ళ వచ్చింది. ఇంటికి తిరిగివస్తున్న సైనికుడు దాని బొమ్మ. నీటిగుర్తు కాగితం మీద ఉన్నదానికి కేటలాగు ప్రధాన సంఖ్య ఇచ్చింది. నీటిగుర్తు లేని గీతకాగితం మీద ఉన్నదాన్ని అదే సంఖ్య కింద ఒక చిన్న అక్షరంతో చేర్చింది.

ఆ చిన్న అక్షరం దగ్గర కాసేపు ఆగుదాం. కేటలాగులో ప్రధాన సంఖ్యకు ఉన్న గౌరవం వేరు. దాని కింద అక్షరంతో వచ్చే రకానికి ఉన్న స్థానం వేరు. అసలు ప్రస్తావనకే రానిదాని గతి వేరు. ఈ మూడు మెట్లను నిర్ణయించేది ప్రకృతి కాదు, కేటలాగు సంపాదకులు. స్టాన్లీ గిబ్బన్స్ తొలి ధరల పట్టిక 1865లో వచ్చింది. అమెరికాలో స్కాట్ పట్టిక 1868లో మొదలైంది. రెండూ బిళ్ళలు అమ్మే వర్తకుల పట్టికలుగా పుట్టినవే. గిబ్బన్స్ ధర అంటే ఆ సంస్థ మంచి స్థితిలో ఉన్న బిళ్ళను అమ్మజూపే ధర. మన డబ్బాలో ఉన్న బిళ్ళను కొనే ధర కాదది. అతి తక్కువగా చూపే ధరలో బిళ్ళ విలువకన్నా, దాన్ని ఏరి, కవరులో పెట్టి, అందించే శ్రమ విలువే ఎక్కువ. ధర ఉండవలసిన చోట గీత ఉంటే బిళ్ళకు విలువ లేదని కాదు, ధర చెప్పడానికి తగినన్ని అమ్మకాలు లేవని అర్థం. ఇవన్నీ కేటలాగుల ముందుమాటల్లో స్పష్టంగానే రాసి ఉంటాయి. మనవాళ్ళు సూటిగా అంకెల దగ్గరికి వెళతారు.

పైగా ఈ పట్టికలు ఎక్కడో దూరాన కూర్చుని చేసినవి. 1947 తరువాత వచ్చిన మూడణాల బిళ్ళ మీద వరంగల్ కోటలోని కాకతీయ తోరణం ఉంది. గిబ్బన్స్ పట్టికలో అది ‘కక్త్యాయ్ ఆర్చ్’. మన తోరణం పేరే అలా ఎక్కినప్పుడు, మన అర్ధణా కాగితంలోని సూక్ష్మాలన్నీ అక్కడికి చేరాయని ఎలా అనుకోగలం?

అయితే కేటలాగును నిందించడం నా ఉద్దేశం కాదు. దాని పిసినారితనం చాలావరకు సద్గుణమే. ప్రతి వింతనూ కొత్త రకమని పట్టికలో చేరిస్తే ఆ పట్టిక చేంతాడంత అవుతుంది, మోసగాళ్ళకు పండుగవుతుంది. బిళ్ళ కాగితం ముద్రణాలయంలో పుట్టిన నాటిలాగే ఉండిపోదు. కవరు నుంచి ఊడదీయడానికి నీటిలో వేస్తే కాగితం కుంచించుకోవచ్చు. ఆల్బము అంటింపును లాగినప్పుడు వెనుక పొర లేచిపోయి ‘పలచని కాగితం’ అనిపించుకుంటుంది. మన వానాకాలపు చెమ్మకు తుప్పుమచ్చలు పడతాయి. ఎండ తగిలితే తెలుపు గోధుమరంగుకు తిరుగుతుంది. ఆరిన జిగురు చారలు వెలుతురులో గీతకాగితపు గీతల్లాగే కనిపిస్తాయి. వీటన్నిటినీ దాటి, ‘ఈ తేడా ముద్రణాలయం నుంచే వచ్చింది’ అని రుజువు కావాలి. ఒకే తేడా వేర్వేరు ఊళ్ళ నుంచి, వేర్వేరు చేతుల మీదుగా వచ్చిన ఎన్నో బిళ్ళల్లో మళ్ళీ మళ్ళీ కనిపించాలి. ఆ రుజువు లేకుండా సంపాదకులు చోటు ఇవ్వకపోవడం న్యాయమే.

ఇక్కడే చిక్కు ఉంది. పట్టికలో చోటు దొరకాలంటే అనేక ప్రతులు చూపాలి. అనేక ప్రతులు దాచవలసినవాడేమో, పట్టికలో ఒకటే సంఖ్య ఉందని ఒకటే ఉంచుకుని మిగతావి పారేస్తున్నాడు. కేటలాగును శ్రద్ధగా అనుసరించే సేకర్తే, కేటలాగు ఎదగడానికి అవసరమైన సాక్ష్యాన్ని చెరిపివేస్తున్నాడు.

సాహిత్యం చదువుకున్న మనకు ఈ సమస్య కొత్తది కాకూడదు. బ్రౌను దొర కడపలో ఒకే కావ్యానికి ఎన్నో తాళపత్ర ప్రతులు తెప్పించాడు, పండితులను కూర్చోబెట్టి పాఠాలు పోల్పించాడు. ఒక ప్రతి దొరికింది కదా, రెండవది డూప్లికేటు అని అతడు అనుకుని ఉంటే మనకు పరిష్కృత ప్రతులన్న ఊసే ఉండేది కాదు. ఒక్క ప్రతిలో ఉన్న మాట కవిదో, లేఖకుని పొరపాటో ఆ ప్రతి చెప్పలేదు. పది ప్రతులు పక్కపక్కన పెడితే చెప్పగలవు. కేటలాగులో చిన్న అక్షరంతో కనిపించే కాగితపు రకం, కావ్యం అడుగున ఇచ్చే పాఠాంతరం వంటిదే. పాఠాంతరాలు ఎలా తేలతాయో ఎరిగిన మనం బిళ్ళల దగ్గర ఆ పద్ధతిని ఎందుకు మరిచిపోవాలి?

ఆ పెద్దాయన డబ్బాకు తిరిగి వస్తే, ఆయన చేసింది సరిగ్గా ఈ పనే. ఊరి వారీగా పొట్లాలు కట్టారు. చాలా బిళ్ళల మీద తపాలా ముద్రలో తేదీ చదవడానికి వీలుగా ఉంది. తేదీల ప్రకారం పరిచి, కాగితం మందం కొలిచి, వెలుతురుకు పట్టి చూస్తే ఏ ఏడు ఏ కాగితం వాడుకలోకి వచ్చిందో, ఏది ఎప్పుడు ఆగిందో బయటపడుతుంది. ఆరు వందల బిళ్ళలు కలిసి చెప్పగల ఆ చరిత్రను, వాటిలోంచి ఏరిన ‘మేలైన’ ఒక్క బిళ్ళ చెప్పలేదు. వ్యాపారి ఏరిన నలభై బిళ్ళలు ప్రపంచంలో మరొకచోట ఎలాగూ దొరుకుతాయి. ఈ డబ్బా చెదిరితే మళ్ళీ కూడదు.

దీనికి రెండవ సాక్ష్యం కూడా కావాలి. అది కూడా మా తార్నాకలోనే దొరకవచ్చు. విశ్వవిద్యాలయ ప్రాంగణం పక్కనే రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను పత్రాలు మొదలుకొని అసఫ్‌జాహీ ప్రభుత్వ దస్త్రాల దాకా అక్కడ భద్రమై ఉన్నాయి. నిజాం రాజ్యానికి కాగితం కొత్త కాదు. రూపాయి బిళ్ళ మీది దౌలతాబాదు పక్కనే కాగజీపురా ఉంది. చేతికాగితం మీదనే బతికిన ఊరది, పేరే సాక్ష్యం. 1938లో స్థాపించిన సిర్పూరు మిల్లు వల్ల ఒక పట్టణానికే కాగజ్‌నగర్ అనే పేరు స్థిరపడింది. బిళ్ళలకు ఏ కాగితం ఎప్పుడు కొన్నారన్నది ఊహతో తేల్చే విషయం కాదు. ఒక చేత తేదీలున్న బిళ్ళలు, మరొక చేత కొనుగోళ్ళ దస్త్రాలు పట్టుకుని తేల్చాలి. ఉర్దూ, పారసీ చదవగల విద్యార్థి ఒకరు పూనుకుంటే ఇది పరిశోధనకు పూర్తిగా తగిన విషయం. ఇండియా బిళ్ళల అధ్యయనానికి 1950 నుంచి పనిచేస్తున్న ఇండియా స్టడీ సర్కిల్ వంటి సంఘాలు ఇలాంటి పనికి చోటిస్తాయి. అక్కడ నిలబడితే కేటలాగు దాకా వెళ్ళే దారి తెరుచుకుంటుంది.

ఇంట్లో తాతల నాటి బిళ్ళలున్న మిత్రులకు నా మనవి. కవరు మీద ఉన్న బిళ్ళను కవరు మీదనే ఉండనివ్వండి, నీటిలో వేయకండి. ఒకే రకం బిళ్ళలను ఊరు, తేదీ చదివి విడివిడిగా ఉంచండి. చేతితో కాక చిన్న పట్టకారుతో పట్టుకోండి. నీటిగుర్తు చూడటానికి మొదట ఏటవాలు వెలుతురు చాలు. బెంజీను వాడవలసి వస్తే దీపానికి, పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచి వాడండి. కనిపించిన తేడాను ‘కొత్త రకం’ అని వెంటనే ప్రకటించకండి; ‘ఇన్ని బిళ్ళల్లో, ఈ తేదీల మధ్య కనిపించింది’ అని రాసి పెట్టండి. అమ్మవలసి వస్తే అమ్ముకోండి, అందులో తప్పు లేదు. అయితే ఏరి అమ్మకండి, గుంపుగా అమ్మండి. అమ్మే ముందు వాటి ఊళ్ళ, తేదీల జాబితా ఒకటి తయారు చేసుకోండి.

ఆ కుటుంబం డబ్బును వద్దనుకోగల స్థితిలో ఉందో లేదో నాకెందుకు? అది వారి సొత్తు. నలభై బిళ్ళలు వ్యాపారికి ఇచ్చినా ఇవ్వండి, డబ్బాను మాత్రం దసరా దాకా ఉంచండి, తేదీలు రాసుకుని తిరిగి ఇస్తాను అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి సరేనన్నారు. రోజుకు ఇరవై చొప్పున చూస్తున్నాను. మొదటి పొట్లం నాందేడుది పూర్తయింది, రాయచూరు మొదలుపెట్టాను.

ఉర్దూ తపాలా ముద్రల్లోని ఊళ్ళ పేర్లు చదవగలవారు ఎవరైనా ఉంటే దయచేసి వ్యాఖ్య రాయగలరు. గీతకాగితం, నేతకాగితం అన్న మాటల కంటే మంచివి తోస్తే అవీ చెప్పండి.